తొమ్మిదో భాగం రాసిందెవరు

మా ముగ్గురిలో తెలుగు అక్షరాలు వచ్చింది నాకొక్కదానికే. అది నాకెంత గొప్పగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. నేను బోధన్ దగ్గర పుట్టి, తెలుగు బడిలో చదివి, మహారాష్ట్రలో నాందేడ్‌లో బట్టల దుకాణం వాళ్లింటికి కోడలిగా వచ్చాను. మా అత్తగారింట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. కానీ తెలంగాణ వైపు నుంచి తెలుగులో అచ్చయిన పెళ్లిపత్రిక వస్తే నా చేతిలో పెట్టి చదివించుకుంటారు. వాళ్ల చదువంతా మరాఠీలో సాగింది కాబట్టి మన అక్షరాలు వాళ్లకు రావు.

మా పక్కింటి టీచరమ్మ కూడా అంతే. ముఖేడ్ వైపు రైతుల ఇంట్లో పుట్టి, జీవితమంతా మరాఠీ బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైంది. ఇక్కడ పంతులమ్మను బాయి అంటారు, మేమూ అట్లాగే పిలుస్తాం. తెలుగు కథ రాయాలంటే ఆమె మరాఠీ లిపిలోనే తెలుగు రాసేది. గీతల నోటుబుక్కులో, నీలం సిరాతో, ఒక్క కొట్టివేత లేకుండా. దాన్ని చదివి తెలుగు అక్షరాల్లోకి దించడం నాకు బియ్యంలో రాళ్లు ఏరినట్టుండేది. విసుక్కుంటూనే చేసేదాన్ని.

మూడో మనిషి కుండల్‌వాడిలో బట్టలు కుడుతుంది. చిన్నప్పుడు బాయి దగ్గర చదువుకుందట. నాకంటే ఐదారేళ్లు చిన్నది. భర్త పోయాక అతని అన్న ఇంట్లోనే, ముందుగదిలో మిషన్ పెట్టుకుని కూతురితో ఉంటోంది. మా దుకాణంలో మిగిలిన గుడ్డముక్కలు ఆమెకే పంపుతుంటాను. ఈమె ఏదీ రాయదు. చెబుతుంది. ఫోన్లో రికార్డు చేసి పంపుతుంది. కథ మధ్యలో మిషన్ చప్పుడు, ఎవరో జాకెట్టు అడిగితే "జెర ఆగుర్రి, కాజాలు కుడుతున్న" అనడం, మళ్లీ అదే గొంతుతో కథ. అంత బాగా కథ చెప్పే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆమె ముందు నేను టైపిస్టునే. ఆ మాట అప్పుడు ఎవరైనా అంటే కోపం వచ్చేది.

ఫోన్లో కథలు చదివే యాప్ ఒకటి ఉంది. అందులో నేను సొంతంగా మూడు కథలు పెడితే కాకి కూడా చూడలేదు. నా ముఖం చూసి బాయి జాలిపడి, "ముగ్గురం కలిసి ఒక్కటి చెప్దాం తియ్యి" అంది. ముగ్గురికీ కలిపి ఒకే మారుపేరు పెట్టుకున్నాం. గాజులు అమ్ముకునే ఒక విధవరాలి కథ, వారానికొక భాగం. కలిసి రాసుకోవడానికి నెట్‌లో ముగ్గురూ తెరవగలిగే పేజీ ఒకటి తయారు చేశాను. తెరవగలిగేది ముగ్గురం, టైపు చేసేది మాత్రం నేను.

ఆదివారం మధ్యాహ్నం బాయి ఇంట్లో కూర్చుని, కుండల్‌వాడికి ఫోన్ కలిపి, వారమంతా చేరిన కథను పైకి చదివేదాన్ని. "గట్ల కాదు అక్కా, ఆమె ఏడ్వది. గాజులు సర్దుకుంట కూసుంటది" అని అటునుంచి వచ్చేది. బాయి ఒక మాట తీసేసేది, నేనొకటి చేర్చేదాన్ని. ఏడు వాక్యాలు పోయి రెండు మిగిలేవి. ఆ రెండూ ఎవరివని అడిగితే ముగ్గురం తెల్లముఖం వేసేవాళ్లం. నాకు పెళ్లయ్యాక అంత సంతోషంగా గడిచిన రోజులు అవే.

ఇంకొక పద్ధతి కూడా మొదటి రోజు నుంచే ఉండేది. ఆమె పంపిన మాట నేను టైపు చేయగానే తుడిచేయాలి. అక్కడ ఆమె, ఇక్కడ నేను. ఆ ఇంట్లో ఆమె ఫోన్ ఎవరైనా అడక్కుండా తీసి చూస్తారు. "తుడిచినవా అక్కా?" అని అడిగేది. "తుడిచిన" అంటే గానీ మళ్లీ మిషన్ మీద కూర్చునేది కాదు.

తొమ్మిదో భాగం మాత్రం మిగతావాటిలా పుట్టలేదు. అది మొత్తం ఆమెదే. ఒకే మధ్యాహ్నం, పదకొండు ముక్కలుగా వచ్చింది. భర్త పోయిన పదో రోజు, ఇంటినిండా బంధువులు ఉన్నా అత్త తప్ప ఎవరూ లేని లోపలిగదిలోకి బావ ఒక కాగితం తెచ్చి, మరణ ధ్రువపత్రం కోసం సంతకం కావాలన్నాడట. కాగితం మీద తమలపాకుల పళ్లెం పెట్టి ఉంది. గాలికి ఎగిరిపోకుండా పెట్టినట్టే ఉంది. కింద ఏం రాసి ఉందో కనపడదు, సంతకం చేసే చోటు మాత్రం పళ్లెం అంచు దాటి బయటికి ఉంది. ఆమె చేసింది. ఏడాది తర్వాత, ఊరి భూముల లెక్కలు రాసే తలాఠీ దగ్గర పొలం కాగితాలు తీయిస్తే, భర్త వాటా మీద హక్కు వదులుకుంటున్నానని తనే రాసిచ్చినట్టు ఉంది. పొలమంతా బావ పేరు మీదికి పోయింది. అప్పట్నుంచి ముందుగదిలో ఉండనిచ్చినన్నాళ్లు ఉండాలి, పొమ్మంటే పోవాలి. కూతురు అప్పుడు పదో తరగతి చదువుతోంది.

కథలో పొలాన్ని దుకాణం చేశాం. బావను మేనమామ చేశాం. ఊరు మార్చాం. అన్నీ అయ్యాక ఆమె ఫోన్ చేసింది.

"అక్కా, ఆ పళ్లెం తియ్యి. పళ్లెం సంగతి ముగ్గురికే ఎర్క. నాకు, బావకు, అత్తకు. అత్త పోయింది."

"సరే, తీస్తా" అన్నాను. యాప్‌లో పెట్టినప్పుడు తీసేశాను కూడా. పళ్లెం బదులు వట్టి మాట పెట్టాను, "చదవనివ్వకుండా సంతకం చేయించుకున్నాడు" అని. కానీ ఆ వాక్యం చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. పళ్లెం ఉన్న కాపీని మాత్రం నా దగ్గర దాచుకున్నాను.

ఆ భాగం తర్వాత ఆమె ఇంకేమీ చెప్పలేదు, కథ అక్కడే ఆగింది. అయినా చాలామంది చదివారు. కొన్నాళ్లకు ఒక ఆడియో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కథను నటుల గొంతులతో భాగాలుగా వినిపిస్తారట. మారుపేరు చెల్లదు, రచయిత ఎవరో అసలు పేరుతో రాసివ్వాలి. బాయి ఆ ఉత్తరాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుని, దెగ్లూర్‌లో వకీలుగా ఉన్న తన తమ్ముడి కొడుక్కి ఫోన్ చేసింది.

"విడదియ్యరాకుండ కలిసి రాసింది అందరిదంట. ఒక్కలు ఇయ్యాలంటే మిగిలినోళ్ల ఒప్పుకోలు గావాలె. ముగ్గురి సహీలు వెట్టాలె" అంది బాయి.

కుండల్‌వాడికి ఫోన్ కలిపాం. అటు మిషన్ ఆగింది.

"నేను కాగితం మీద సహీ చెయ్య బాయీ" అంది ఆమె.

"మంచి కాగితమే బిడ్డా. నీ హక్కు నీకు ఉండేటందుకే."

"బావ గుడ గట్లనే అన్నడు బాయీ. ఒక్క సహీకి నా బతుకు పోయింది. నా పేరు యాడ రావద్దు. అక్క పేరు వెట్టుకోర్రి, ఆమెనే రాసిందనుర్రి. నాకేం గావొద్దు."

అయితే కంపెనీకి ఇవ్వకపోయినా, మన ముగ్గురి మధ్య ఒక కాగితం రాసుకుందాం, నా పెట్టెలో పెట్టి తాళం వేస్తాను, ఎవరూ చూడరు అంది బాయి. దానికీ ఆమె ఒప్పుకోలేదు. బాయి ఫోన్ పెట్టేసి నోటుబుక్కు అంచులు సర్దింది.

"అమ్మా, వద్దు. ఇయ్యకు. నువ్వు ఒక్కదానివే రాసినవని రాసిస్తే, రేపు ఆమెకు ఏదన్న కష్టమొస్తే నోరిప్పేతందుకు జాగ ఉండది" అంది.

ఆమె ఇంటికి ఆమె పేరు తెలియకుండా ఉండాలంటే ఇదే దారి కదా అని నేను వాదించాను. ఆ వాదనలో అబద్ధం లేదు. కానీ నిజమంతా అది కాదు. నా పేరు నటుల గొంతులో వినాలని ఉంది నాకు. మా దుకాణంలో గిరాకీలకు చీరలు విప్పి చూపించే చేతులతోనే నేను ఇదంతా రాశానని మా ఇంట్లో వాళ్లకు తెలియాలని ఉంది. "ఈ రచన పూర్తిగా నేనొక్కరినే చేశాను, ఇందులో మరెవరికీ ఏ హక్కూ లేదు" అనే కాగితం మీద సంతకం చేశాను. దానితోపాటు పంపిన కాపీ, పళ్లెం ఉన్నది. పొరపాటున పోలేదు, తెలిసే పంపాను. ఆ పళ్లెం లేకపోతే ఆ భాగంలో ఏముందని అనుకున్నాను.

ఆడియో వచ్చింది. ప్రతి భాగం మొదట్లో నా పేరు, ఊరు నాందేడ్ అని చెబుతారు. మా ఆయన దుకాణంలో కూర్చుని గిరాకీలకు వినిపించాడు. మా అత్తయ్య మిఠాయి తెప్పించింది. నేను నాలుగు రోజులు నేల మీద నడవలేదు.

ఐదో రోజు కుండల్‌వాడి నుంచి ఫోన్ వచ్చింది. గొంతు చాలా చిన్నగా ఉంది.

"అక్కా, మన కథ బావ జీపుల వెడుతుండు."

బావ బిలోలి, కుండల్‌వాడి మధ్య సవారీ జీపు నడుపుతాడు. ఎవరో ప్రయాణికుడు చెబితే పెట్టాడట. ఎక్కినవాళ్లంతా బాగుందన్నారట. రోజుకొక భాగం, పొద్దున బిలోలి నుంచి వచ్చే ట్రిప్పులో వినిపిస్తున్నాడు.

"ఎన్నో భాగం అయ్యింది?"

"ఇయ్యాల ఐదోది. ఇంటికచ్చి అన్నం తినుకుంట చెప్పిండు, గాజులామె కథ మంచిగున్నదని. నీ పేరు గుడ చెప్పిండు. గీమెనే గదా నీకు గుడ్డముక్కలు పంపేది అన్నడు." గొంతు ఇంకా తగ్గించింది. "పళ్లెం తీసినవు గదా అక్కా?"

నేను తీయలేదని చెప్పాను. ఇంకా అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఆమె తిట్టి ఉంటే కొంచెం తేలికయ్యేది. "నాలుగు దినాలున్నయి" అని మాత్రం అని పెట్టేసింది.

ఆ నాలుగు రోజులు ఎట్లా గడిచాయో నాకే తెలుసు. కంపెనీకి ఈమెయిల్ మీద ఈమెయిల్ రాశాను. తొమ్మిదో భాగం తీసేయండి, లేదా ఒక్క వాక్యం మార్చండి అని. మీరు హక్కులన్నీ ఇచ్చేశారు, విడుదలైన భాగాన్ని మార్చడం కుదరదు అని జవాబు. అది నిజంగా జరిగిన ఒక ఆవిడ జీవితం అన్నాను. అయితే ఆవిడ తన పేరుతో, సంతకంతో రాయాలి అన్నారు. ఆ భాగం రాసింది నేను కాదు, ఆవిడే, ఆమె ఒప్పుకోకుండా ఇచ్చే అధికారం నాకు లేదు అని రాశాను. దానికి వాళ్ల జవాబు చాలా మర్యాదగా వచ్చింది. రచయిత మీరొక్కరే అని మీరే రాసిచ్చారు, ఆ మాట అబద్ధమైతే ఆధారాలు పంపండి అని.

ఆధారాల కోసం వెతికాను. నెట్‌లోని ఆ పేజీ, ఎవరు ఏ అక్షరం ఎప్పుడు కొట్టారో అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. మొదటి అక్షరం నుంచి చివరి దాకా నా పేరే. బాయి నోటుబుక్కులు తెచ్చి నా ముందు పడేసింది. మూడో భాగం ఉంది, ఆరోది ఉంది, ఎనిమిదో దాంట్లో సగం ఉంది. తొమ్మిదోది ఒక్క పేజీ కూడా లేదు. ఆ పదకొండు ముక్కలనూ ఆమె అక్కడ తుడిచింది, నేనిక్కడ తుడిచాను. ఆమె ఆ భాగం చెప్పిందనడానికి ప్రపంచంలో ఏమీ మిగలలేదు. బావ పళ్లెం పెట్టి చేసిన పనే నేను పళ్లెం లేకుండా చేశాను. ఆ మాట బాయితో అంటే ఆమె కాదనలేదు.

నాలుగో రోజు తెల్లవారగానే నాందేడ్‌లో బస్సెక్కాను. ఆమె పక్కన ఉండాలి అన్నది తప్ప నాకు వేరే ఆలోచన లేదు. బిలోలిలో దిగేసరికి కుండల్‌వాడి జీపు ఒకటి నిండుతోంది. ఒక్క చోటే మిగిలింది, డ్రైవర్ వెనక. ఎక్కి కూర్చున్నాక సీటు కవరు చూశాను. ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు. మా దుకాణంలో మిగిలిన ముక్క, నేనే ఆమెకు పంపాను. అంటే ఇది బావ జీపే. దిగిపోదామనుకునేలోపు జీపు కదిలింది.

అతను అద్దంలో వెనక్కి చూసి, అందరూ సర్దుకున్నారా అని మరాఠీలో అడిగి, ఫోన్ నొక్కాడు. సంగీతం వచ్చింది. నా పేరు వచ్చింది. తొమ్మిదో భాగం అన్నారు.

సోయా చేల మధ్య రోడ్డు బాగాలేదు. జీపు ఎగిరిపడినప్పుడల్లా గొంతు తెగి మళ్లీ వస్తోంది. నటి చాలా బాగా చదివింది. నాకు మాత్రం అందులో మిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. పదో రోజు వచ్చింది. బంధువులు వచ్చారు. కాగితం వచ్చింది. "దాని మీద తమలపాకుల పళ్లెం పెట్టి ఉంది" అంది నటి. అతని మెడ వెనక భాగం నాకు జానెడు దూరంలో ఉంది. అది కదల్లేదు. జీపు మాత్రం కొంచెం నెమ్మదించింది. గేదెలు గానీ బండి గానీ అడ్డం లేవు.

"గిట్లనే చేస్తరు ఆడోళ్లను" అన్నాడు నా పక్కనున్న ముసలాయన. ఎవరో ఔనన్నారు. భాగం అయిపోయాక అతను ఫోన్ ఆపి జేబులో పెట్టుకున్నాడు. మిగతా దారంతా ఇంజను చప్పుడే.

కుండల్‌వాడిలో అందరూ దిగారు. ఆమె ఇంటికి నేనెప్పుడూ రాలేదు, టైలరింగ్ ఆమె ఇల్లు ఎక్కడ అని అతన్నే అడగక తప్పలేదు. అతను నన్ను చూశాడు.

"నాందేడ్ నుంచేనా? కూసోర్రి అక్కా, మనింటికే. ఇడిసివెడ్త" అన్నాడు. మంచిగానే అన్నాడు.

ఇద్దరం కలిసి రావడం ఆమె మిషన్ మీద నుంచి చూసింది. కాలు తొక్కుతూనే ఉంది, చేతి కింద బట్ట మాత్రం జరగడం లేదు. దారం అక్కడే ఒకచోట ఉండకట్టింది. అతను నాకు కుర్చీ వేశాడు. లోపలికి కేకేసి చాయ్ చెప్పాడు. ఎదురుగా గడప మీద కూర్చున్నాడు.

"కథ మీరొక్కలే రాసిండ్రా అక్కా?"

"అవును. నేనొక్కదాన్నే."

"మంచిగ రాసిండ్రు. పళ్లెం కాడ నాకు బండి ఆపబుద్ధైంది." చాయ్ వచ్చింది. సాసర్‌లో పోసుకుని ఊదాడు. "మరి ఆకరికి ఏమైతది? గాజులామె ఆ ఇంట్లనే ఉంటదా, పోతదా? రాసినోళ్లు గదా, మీకు ఎర్కుండాలె."

నాకు తెలియదు. పదో భాగం గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. ఆమె చెప్పినప్పుడు రాద్దామనుకున్నాను. చాయ్ కప్పు కింద పెట్టాను, అతను నన్నే చూస్తున్నాడు. ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను.

మిషన్ ఆగింది.

"ఆమెకు ఎర్క లేదు బావా" అంది ఆమె. "ఆ తొమ్మిదోది నాది. నేను చెప్తే ఆమె రాసింది."

లేచి నిలబడింది. ఒళ్లోని బట్టముక్కలు నేల మీద పడ్డాయి. కంపెనీ అడిగిన మాట, బాయి రాసుకుందామన్న మాట, మా అందరికీ ఆమె ఇవ్వనన్న మాట, ఆ మనిషి ముందు తన నోటితో ఇచ్చేసింది. నన్ను కాపాడటానికి ఇచ్చిందా, ఆ భాగం ఇంకొకరిది అనిపించుకోవడం ఇక భరించలేక ఇచ్చిందా అని నేను చాలాసార్లు ఆలోచించాను. రెండోదే అయి ఉండాలని నా కోరిక.

అతను సాసర్ ఖాళీ చేసి కింద పెట్టాడు. "సరే" అన్నాడు. "ఇంట్ల మాట ఇంట్ల మాట్లాడుకుందం. పార్రి అక్కా, బిలోలి బస్‌కు ఇడిసివెడ్త." నేను ఉంటానన్నాను. "పోయి రా అక్కా" అంది ఆమె, నా వైపు చూడకుండా. వెనక్కి తిరిగి చూస్తే ఆమె కింద పడ్డ ముక్కలు ఒక్కొక్కటే ఏరుకుంటోంది. దారిలో అతను కథ పెట్టలేదు.

ఇంటికి చేరేసరికి ఫోన్లో ఆమె మాట వచ్చి ఉంది. చాలా చిన్నది. "అక్కా, పదో భాగం రాయకు. నేను చెప్పెదాక రాయకు." వెనక మిషన్ చప్పుడు లేదు. నేనెరిగినప్పటి నుంచి ఆ చప్పుడు లేని మాట ఆమె నుంచి రావడం అదే మొదటిసారి.

తర్వాత ఎన్నిసార్లు చేసినా ఆ నంబరు మోగలేదు. కంపెనీ వాళ్లు పదో భాగం ఎప్పుడిస్తారని రాస్తున్నారు. నేనిచ్చిన కాగితం అబద్ధమని, తొమ్మిదో భాగం నాది కాదని తెల్ల కాగితం మీద రాసి సంతకం చేశాను. రేపు పొద్దున బాయి, నేను, దెగ్లూర్ వకీలు కలిసి కుండల్‌వాడి వెళ్తున్నాం. బాయి తన నోటుబుక్కులన్నీ సంచిలో సర్దింది. నేను ఫోన్ పట్టుకుని వెళ్తున్నాను. పాత అలవాటు కొద్దీ ఆమె పంపిన ఆ ఆఖరి మాట విన్నప్పుడల్లా తుడిచే బొత్తాం మీదికి వేలు పోతోంది, కానీ కథ ఆమే చెప్పేదనడానికి మిగిలిన ఆ ఒక్కటి తుడవలేదు.